కడుపు తరుక్కుపోలేదు, కడుపులో తిప్పింది

తెలుగులో జాలి ఉండే చోటు గుండె కాదు, కడుపు. పరాయి బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే మనకి కడుపు తరుక్కుపోతుంది. కన్నబిడ్డ మీద ఉండేది కడుపుతీపి, ఆ బిడ్డ పోతే మిగిలేది కడుపుకోత. అన్యాయం చూస్తే మండేదీ అదే. డాక్టర్లు ఏమన్నా అననీ, ఈ విషయంలో మన భాషే కరెక్టని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. అందుకు తిరుగులేని సాక్ష్యం మాత్రం మన దగ్గర కాదు, చికాగో కబేళాల్లో దొరికింది. దొరికాక ఒక చిన్న సవరణ కూడా చేసుకోవాల్సి వచ్చింది. కడుపు తరుక్కుపోవడం వేరు, కడుపులో తిప్పడం వేరు. చట్టసభలకు రెండోదే వినిపిస్తుంది.

1904లో చికాగో కబేళా కార్మికులు సమ్మె చేసి ఓడిపోయారు. ఆ సంగతేమిటో చూసి నవల రాయమని ‘అపీల్ టు రీజన్’ అనే సోషలిస్టు వారపత్రిక అప్టన్ సింక్లేర్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రాడికి 500 డాలర్లు ఇచ్చింది. ఆయన ఏడు వారాలు ఆ పేటలో తిరిగాడు. మారువేషం కోసం పెద్దగా శ్రమపడలేదు. పాత బట్టలు తొడుక్కుని, చేతిలో ఒక క్యారేజీ పట్టుకున్నాడు. అంతే, ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపలేదు. మన కథల్లో రాజులు మారువేషాలకి గడ్డాలూ కిరీటాలూ మార్చి అనవసరంగా అవస్థపడ్డారు. క్యారేజీ పట్టుకున్నవాడి మొహం ఎవడు చూస్తాడు?

అలా పుట్టిన నవల ‘ది జంగిల్’. 1905లో ఆ పత్రికలోనే సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వేయడానికి కొందరు పబ్లిషర్లు భయపడి తిప్పి పంపాక, 1906 ఫిబ్రవరిలో అచ్చయింది. అంకితం అమెరికా కార్మికులకి. హీరో యుర్గిస్, లిథువేనియా నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చిన బలశాలి. ఏ కష్టమొచ్చినా అతని దగ్గర ఒకటే మందు: ఇంకా ఎక్కువ పనిచేస్తాను. ఇలాంటి ఉద్యోగి దొరికితే ఏ యజమానైనా కళ్ళకద్దుకుంటాడు. అతని యజమానులు మాత్రం గాయపడేదాకా వాడుకుని, గాయపడ్డాక గేటు బయట నిలబెట్టారు. భార్యని ఫోర్‌మన్ చెరుస్తాడు, తర్వాత ఆమె కాన్పులో పోతుంది. కొడుకు ఇంటిముందు వీధి గుంటలో మునిగి చనిపోతాడు. మాంసాన్ని ఉప్పునీళ్ళలో ఊరేసే గదుల్లో వేలికి చిన్న గీత పడితే చాలు, అది పుండై మనిషిని తినేసేది. గొర్రె తోళ్ళ నుంచి ఉన్ని పీకేవాళ్ళ వేళ్ళు యాసిడ్‌కి కరిగిపోయేవి. ఎముక నుంచి మాంసం వేరుచేసేవాడి బొటనవేలు కత్తిగాట్లు పడీపడీ చివరికి ఒక మాంసపు ముద్దగా మిగిలేది.

ఇవన్నీ చదివి అమెరికా పాఠకులు నిట్టూర్చారు. మధ్యలో సాసేజీ ఎలా చేస్తారో చెప్పిన పేజీలు కొన్ని తగిలాయి. కుళ్ళిన మాంసం, దాని మీద తిరిగే ఎలుకలు, ఎలుకలకి పెట్టిన విషం రొట్టె, ఆ రొట్టె తిని చచ్చిన ఎలుకలు, అన్నీ కలిసి ఒకే మిషన్లోకి. అప్పుడు దేశం ఉలిక్కిపడింది. ఊళ్ళో ఎవడి బొటనవేలో ముద్దైతే అది సాహిత్యం. మన పళ్ళెంలో ఎలుక పడితే అది జాతీయ సమస్య.

(నవల చివర సోషలిజం ఉపన్యాసాలున్నాయి. అక్కడ నేనూ పేజీలు తిప్పేశాను. మంచి ఉద్దేశం కథని ఎలా చంపుతుందో చూడాలనుకునేవాళ్ళు మాత్రం తప్పక చదవాలి.)

అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కి సోషలిస్టులంటే గిట్టదు. కానీ ఆయనకీ ఒక కడుపు ఉంది. 1898లో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో సైన్యానికి పెట్టిన డబ్బా మాంసం ఆయన చవిచూశాడు. దానికన్నా నా పాత టోపీ తినడం నయం అన్నాడు. కాబట్టి విచారణకి ఒప్పుకున్నాడు. మొదట వ్యవసాయ శాఖ వెళ్ళి, నవలలో అంతా అతిశయోక్తే అని తేల్చింది. కబేళాలను రోజూ తనిఖీ చేస్తున్నది కూడా ఆ శాఖవాళ్ళే కాబట్టి ఈ నివేదికని శంకించడానికి లేదు. రూజ్‌వెల్ట్ ఎందుకో శంకించాడు. చార్లెస్ నీల్, జేమ్స్ రేనాల్డ్స్ అనే ఇద్దర్ని మళ్ళీ పంపాడు. వాళ్ళొస్తున్నారని ముందే తెలిసి కంపెనీలు రాత్రింబవళ్ళు కడిగించాయని సింక్లేర్ గోలపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మన బళ్ళకి సున్నం వేయరూ, అలాగే అనుకోండి.

అంత కడిగాక కూడా ఆ ఇద్దరి కళ్ళముందే శుభ్రం చేసిన ఒక పంది కళేబరం కొక్కెం జారి కింద పడి, కార్మికుల మరుగుదొడ్డిలోకి సగం దూరింది. ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి, తోపుడుబండి మీద వేసి, చల్లగదిలో మిగతా వాటి పక్కన తగిలించారు. కడగలేదు. నివేదికలో ఇది చదివినవాళ్ళు ఆ పంది గురించే మాట్లాడారు. కార్మికుల మరుగుదొడ్డి మాంసం వేలాడే చోటికి ఆనుకుని ఎందుకుందని గానీ, అది అంత కంపుగా ఎందుకుందని గానీ అడిగినవాళ్ళు తక్కువ. సింక్లేర్ రాసినవాటిలో ఒక్కటి మాత్రం రుజువు కాలేదు: కాగే బానల్లో పడ్డ కార్మికులు కొవ్వుతో పాటు డబ్బాల్లోకి వెళ్ళిపోయారన్నది. పడితే రుజువేం మిగుల్తుంది అని అడిగేంత కుతర్కం నాకు లేదు.

1906 జూన్ 30న రెండు చట్టాలు వచ్చాయి, ఒకటి మాంసం తనిఖీకి, ఇంకొకటి ఆహారం, మందుల కల్తీ మీద. అందరూ పండగ చేసుకున్నారు. మాంసం చట్టం ప్రకారం పందికి చావకముందు ఒక పరీక్ష, చచ్చాక ఇంకో పరీక్ష. దాన్ని కోసేవాడికి ఏ పరీక్షా లేదు. జీతం గురించి, పనిగంటల గురించి, యాసిడ్ గురించి అందులో ఒక్క ముక్క లేదు. తనిఖీ ఖర్చు కంపెనీలే పెట్టుకోవాలని సెనేటర్ బెవెరిడ్జ్ పట్టుబట్టాడు. చివరికి అది ఏటా 30 లక్షల డాలర్లుగా సర్కారు ఖజానా మీద పడింది. దొంగతనం షావుకారు గోదాములో, కాపలావాడి జీతం వీధివాళ్ళది. పైగా కంపెనీల డబ్బాల మీద ఇప్పుడు ప్రభుత్వ ముద్ర! విదేశాల్లో పోయిన పరువుకి ఇంతకన్నా మంచి అడ్వర్టైజ్‌మెంట్ ఏముంటుంది?

జనం గుండెకి గురిపెడితే పొరపాటున కడుపుకి తగిలిందని సింక్లేర్ తర్వాత వాపోయాడు. తెలుగు రాకపోవడం వల్ల వచ్చిన బాధ ఇది. గురి తప్పలేదు నాయనా, అక్కడ తరుక్కుపోవాల్సింది తిప్పింది, అంతే. ఆయన ఉత్తరాలు పడలేక రూజ్‌వెల్ట్, కాస్త ఇంటికెళ్ళి కొన్నాళ్ళు దేశాన్ని నన్ను నడపనివ్వమని చెప్పండి అని పబ్లిషరుకి కబురు పెట్టాడు. ఇలా రాసేవాళ్ళకి ఒక బిరుదు కూడా ఇచ్చాడు. తల ఎత్తకుండా పెంట కెలికేవాళ్ళని. వాళ్ళు దాన్నే మెడలో వేసుకు తిరిగారు. యుర్గిస్ లాంటివాళ్ళకి దేశమంతటికీ ఒక కనీస వేతనం చట్టం రావడానికి మాత్రం 1938 దాకా పట్టింది. అప్పటిదాకా పంది మాత్రం రోజూ ముద్ర వేయించుకుంది.

అందుచేత తెలుగు రచయితలకు నా సవినయ సూచన: కార్మికుడి కన్నీళ్ళ మీద కాగితం వృథా చేయకండి. ఆ కన్నీళ్ళు పులుసులో పడ్డట్టు రాయండి. 2024లో హైదరాబాద్ హోటళ్ళ మీద ఫుడ్ సేఫ్టీ వాళ్ళు వరసగా దాడులు చేసినప్పుడు నా ఫోనుకి రోజుకి పది ఫోటోలు వచ్చేవి. బొద్దింకలు, గడువు దాటిన పనీర్, మూత లేని చెత్తబుట్ట. నేనూ పదిమందికి పంపాను. ఆ రిపోర్టుల్లో వంటవాళ్ళ ప్రస్తావన కూడా ఉండేది. తలకి టోపీ లేదు, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేదు అని. అంటే వాళ్ళ వెంట్రుక మన బిర్యానీలో పడకూడదు, వాళ్ళ జబ్బు మనకి అంటకూడదు. ఎన్ని గంటలు పొయ్యి ముందు నిలబడ్డారో ఆ కాగితాల్లో ఉండదు, అది మన ప్లేటులోకి రాదు కదా.

2025లో, అదే జూన్ 30న, సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చినవాళ్ళు. అక్కడ తయారయ్యేది మందుబిళ్ళ పొడిపొడి కాకుండా నిలవడానికి కలిపే తెల్లటి పిండి. వాసన లేదు, రుచి లేదు. టీవీలో ఆ శిథిలాలు చూస్తుంటే నాకు నిజంగానే కడుపు తరుక్కుపోయింది. తొమ్మిదింటికి మా ఆవిడ బీపీ బిళ్ళా గ్లాసుడు నీళ్ళూ తెచ్చి ఇచ్చింది. బిళ్ళలో తేడా ఏమీ లేదు. వేసుకుని పడుకున్నాను.