ఖర్చు ఒకటే, ప్లాన్లు మాత్రం అనేకం

రవాణా సంస్థలైనా, విద్యుత్ సంస్థలైనా ఆప్టిమైజేషన్ కన్సల్టెంట్‌ను, అంటే అతి తక్కువ ఖర్చయ్యే ప్లాన్‌ను లెక్కగట్టి ఇచ్చే నిపుణుణ్ని, పిలిచి అడిగేది ఒక్కటే: ఖర్చు ఎంత తగ్గిస్తారు? నెలల తర్వాత ఒక నివేదిక వస్తుంది. అందులో ఒక ప్లాన్, ఎంత మిగులుతుందో చెప్పే ఒక అంకె ఉంటాయి. అందరూ అంకెనే గుచ్చిగుచ్చి చూస్తారు. నిలదీయాల్సింది మాత్రం అక్కడున్నది ఒకే ఒక్క ప్లాన్ ఎందుకని.

ఇందులోని గణితం కొత్తదేమీ కాదు. ఇలాంటి లెక్కల్లో అతి తక్కువ ఖర్చును వెతికే సింప్లెక్స్ పద్ధతిని అమెరికన్ గణితవేత్త జార్జ్ డాంట్‌జిగ్ 1947లోనే రూపొందించారు. పెట్రోల్ ట్యాంకర్లు ఏ బంకు తర్వాత ఏ బంకుకు వెళ్తే దూరం తగ్గుతుందన్న సమస్యను ఆయనే రామ్సర్‌తో కలిసి 1959లో లెక్కలోకి దించారు. ఈ లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్లు, అంటే సాల్వర్లు, నేడు మంచివే ఎవరికైనా దొరుకుతాయి. కాబట్టి కన్సల్టెంట్‌కు ఇచ్చే ఫీజు సాల్వర్ నడిపినందుకు కాదు.

రేపు ఏయే పవర్ యూనిట్లను నడపాలన్న లెక్కనే తీసుకుందాం. థర్మల్ యూనిట్‌ను స్విచ్ వేసినట్టు వేసి, ఆర్పినట్టు ఆర్పలేం. స్టార్ట్ చేయడానికే వేరే ఖర్చుంది. ఒకసారి మొదలైతే కొన్ని గంటలపాటు నడవాల్సిందే, ఉత్పత్తిని ఒక స్థాయికి మించి తగ్గించడానికీ లేదు. ఇలాంటివి వందల యూనిట్లుంటే, సిసలైన కనిష్ఠ ఖర్చు తేలేదాకా కూర్చునే టైం గ్రిడ్ ఆపరేటర్‌కు ఉండదు. అందుకే గ్యాప్ ఏ అర శాతానికో దిగగానే సాల్వర్‌ను ఆపేస్తారు. ఇంకా మేలైన ప్లాన్ ఉన్నా, తేడా అంతకు మించదని దానర్థం. చిక్కంతా ఆ అర శాతంలోనే ఉంది. అందులో ఇమిడిపోయే ప్లాన్లు చాలా ఉంటాయి. ఒక ప్లాన్‌లో రోజంతా నడిచే యూనిట్ మరో ప్లాన్‌లో అసలు స్టార్టే కాదు. గ్రిడ్‌కు రెండూ ఒకటే. ఆ యూనిట్ ఓనర్‌కు మాత్రం ఒకదాంట్లో ఆదాయం, ఇంకోదాంట్లో సున్నా. 1990ల్లోనే పరిశోధకులు ఈ సంగతి ఎత్తిచూపారు. అయినా నివేదికల్లో దీని ఊసు అరుదు.

రవాణాలో నష్టపోయేవాళ్లు ఊరుకోరు, రోడ్డెక్కుతారు. 2017లో బోస్టన్ స్కూల్ బస్సుల రూట్లను ఎంఐటీ పరిశోధకుల అల్గారిథం సరిచేసింది. దాంతో బస్సులు తగ్గాయి, డబ్బూ మిగిలింది. తర్వాత స్కూళ్ల వేళల్నీ మార్చబోయారు. పెద్ద పిల్లలకు ఉదయం కాస్త ఎక్కువ నిద్ర దొరకాలన్నది అందులో ఒక లక్ష్యం, మంచిదే. కానీ చాలా స్కూళ్ల వేళలు బాగా మారిపోవడంతో తల్లిదండ్రులు భగ్గుమన్నారు, డిసెంబర్‌లో ఆ ప్లాన్‌ను వెనక్కి తీసుకున్నారు. మొత్తం మీద లాభమే కావచ్చు. పొద్దున్నే పిల్లల్ని లేపాల్సిన ఇంట్లో ఆ మొత్తంతో పనేముంది?

నా దృష్టిలో కాంట్రాక్టులోనే ఒక షరతు ఉండాలి. దాదాపు ఒకే ఖర్చుతో తేలే ప్లాన్లను నాలుగైదు పక్కపక్కన పెట్టి, ఏ ప్లాన్‌లో భారం ఎవరి మీద పడుతుందో రాసివ్వాలి. ఓవర్‌టైం నిమిషానికి, రద్దయిన ట్రిప్పుకు మోడల్ (సాల్వర్‌కు ఇచ్చే లెక్క) ఎంత పెనాల్టీ వేసిందో కూడా చూపాలి. ఆ అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో డిపో మేనేజర్ ఒక్క చూపులో చెప్పేస్తాడు. ఇన్ని జవాబులిస్తే క్లయింట్‌కు నమ్మకం పోతుందని కొందరు కన్సల్టెంట్ల టెన్షన్. అది తీర్చుకోవాల్సింది వాళ్లే. ఈలోగా క్లయింట్ చేయగల పని ఒకటుంది. సాల్వర్ వెతికే దారిని మార్చే రాండమ్ సీడ్ అనే అంకెను మార్చి, అదే మోడల్‌ను తన కళ్లముందే మళ్లీ నడపమని అడగాలి. ఖర్చు కదలకుండా ప్లాన్ మారిపోయిందంటే, మొదటి ప్లాన్‌నే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు కన్సల్టెంటే చెప్పాలి.