పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం: "రీఇన్‌స్టాల్ కొట్టన్నా"

నా కంప్యూటర్‌ని నడిపించే ఉబుంటు లినక్స్ 20.04కి మామూలు సపోర్ట్ 2025 మే నెలతోనే అయిపాయె. ఎన్నాళ్లని నెట్టుకొస్తాం అని మొన్న శనివారం రాత్రి 22.04కి అప్‌గ్రేడ్ కొట్టినా. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని కూర్చొని ఈమ్యాక్స్ ఎడిటర్‌లో, దూరపు సర్వర్లలో ఫైళ్లు తెరిచే ట్రాంప్‌తో, ఆదోని పత్తి వ్యాపారి సర్వర్‌లో ఫైల్ తెరవబోతే తెరుచుకోల్యా.

మా కర్నూలు కుర్రోళ్ల గ్రూప్‌లో అడిగినా. పది నిమిషాల్లో ఆరు మంది, అందరిదీ ఒకటే మాట: "అన్నా, ఎడిటర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ కొట్టు." ఒకడైతే రౌటర్ ఆపి వేయమన్యాడు. ఏ జ్వరానికైనా ఒకటే సూది పొడిచే ఆర్‌ఎంపీ మాదిరి తయారైనాం మనం. ఎర్రర్ ఏమొచ్చింది అని అడిగినోడు ఒక్కడూ లేడు.

ఎడిటర్‌ని తీసేసి మళ్లీ ఎక్కిస్తే ఏం మారుతాది, చెప్పండి. నా సెట్టింగులు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటాయి, కీలూ అక్కడే ఉంటాయి. అవతలి సర్వర్‌కైతే నేను ఇక్కడ ఏం పీకినా తెలీనే తెలీదు. గంట పోతాది, అంతే.

ట్రాంప్ సొంతంగా మంత్రమేమీ వేయదు. మనం టెర్మినల్‌లో, దూరపు సర్వర్‌లోకి పోయే ఎస్‌ఎస్‌హెచ్ కొట్టి లోపలికి పోయినట్లే అదీ పోయి, షెల్ ప్రాంప్ట్ (కమాండ్ కొట్టమని చూపే గుర్తు) ఎప్పుడు కనపడతాదా అని కాచుకొని కూర్చుంటాది. అందుకే ముందు ఎడిటర్‌ని పక్కన పెట్టి, ఉట్టి టెర్మినల్‌లో కొట్టి చూడల్ల. చూసినా. ఒక్క లైన్‌లో తేలిపాయె: సరిపోయే హోస్ట్ కీ (సర్వర్ గుర్తింపు కీ) రకం దొరకలేదు, అవతలోడు ఇస్తానంటున్నది ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ, ఎస్‌ఎస్‌హెచ్-డీఎస్‌ఎస్.

సంగతేందంటే, 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ (మనం వాడే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) 8.8 నుంచి షా-1 అనే పాత హాష్ పద్ధతితో పెట్టే ఆర్‌ఎస్‌ఏ సంతకాలను మనం అడిగితే తప్ప ఒప్పుకోదు. 20.04లో ఉండేది 8.2, 22.04లో ఉండేది 8.9. ఒక్క రాత్రిలో ఆ గీత దాటేసినా. అవతల సర్వర్‌లో ఉండేది సెంటోస్ 6 అనే పాత లినక్స్, దాంట్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.3. ఆర్‌ఎస్‌ఏకి షా-2 సంతకాలు వచ్చిందే 2016లో, 7.2తో. ఆ ముసలిదానికి కొత్త సంతకం యాడినుంచి వస్తాది? చానామంది ఇక్కడ కీ పాడైందనుకొని ఇంకో ఆర్‌ఎస్‌ఏ కీ చేసుకుంటారు. కీకి ఏమీ కాలేదు సామీ, సంతకం పెట్టే పద్ధతి పాతబడింది.

ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ ఒక్క హోస్ట్ పేరు కింద, హోస్ట్ కీకి ఒకటి, మన కీకి ఒకటి, పాత పద్ధతి ఒప్పుకొమ్మని రెండు లైన్లు రాసినా. స్టార్ పెట్టి అన్ని హోస్టులకీ రాసేటోళ్లు ఉన్నారు. ఒక ముసలి తాళం కోసం ఇంటి తలుపులన్నీ తీసి పెట్టినట్లు ఉంటాది.

టెర్మినల్ లోపలికి పోయింది. ఎడిటర్ మాత్రం ప్రాంప్ట్ కోసం చూస్తాండా అంటా అట్లనే నిలబడిపాయె. నా సెట్టింగులేమీ ఎక్కకుండా, మైనస్ క్యాపిటల్ క్యూతో ఈమ్యాక్స్ తెరిచినా అదే కథ. అంటే తప్పు నా సెట్టింగులుండే ఇనిట్ ఫైల్‌ది కాదు, అవతల ఉంది. ట్రాంప్ చేసేదంతా రాసిపెట్టమని ట్రాంప్ వెర్బోస్ 6 పెట్టి, ఆ డీబగ్ బఫర్ చూసినా. చివర్లో రంగు కోడ్ల మధ్య ఒక బాణం గుర్తు, ఆ తర్వాత ఏమీ ల్యా.

ఆ బాణం నాదే! అప్‌గ్రేడ్ కొట్టేముందు, ఆ సంబరంలో రాత్రి పదకొండుకు కొత్త రంగుల ప్రాంప్ట్ ఒకటి చేసుకొని, సర్వర్లన్నిట్లోకీ బాష్‌ఆర్‌సీ (షెల్ సెట్టింగుల ఫైల్) కాపీ కొట్టింది నేనే. ట్రాంప్‌కి తెలిసిన ప్రాంప్ట్ చివర డాలరో, హాషో, పర్సెంటో లాంటి గుర్తు ఉంటాది. నా బాణాన్ని చూసి, ఇంకా ఏదో వస్తాదిలే అని అది పాపం ఎదురుచూస్తా ఉండె. ట్రాంప్ వచ్చేటప్పుడు, టెర్మినల్ రకం చెప్పే టెర్మ్‌ని డంబ్ అని పెట్టుకొని వస్తాది కాబట్టి, టెర్మ్ డంబ్ అయితే ప్రాంప్ట్ ఉట్టి డాలరు, ఒక స్పేస్ అని బాష్‌ఆర్‌సీలో ఒక లైన్ చేర్చినా. ఫైల్ టక్కున తెరుచుకుంది.

అనంతపురం తమ్ముడొకడికి ఇదే వారం ఇంకో తంటా. వానికి ఆ మైనస్ క్యాపిటల్ క్యూతో బాగా పోతాది, మామూలుగా తెరిస్తే పోదు. ఈమ్యాక్స్ ప్యాకేజీలుండే ఎల్పా నుంచి దించుకున్న ట్రాంప్ ఈమ్యాక్స్ 26తో కంపైల్ అయ్యింది, అప్‌గ్రేడ్‌తో ఈమ్యాక్స్ 27 వచ్చి కూర్చుంది. ఆ ప్యాకేజీ తీసేసి మళ్లీ వేస్తే సరిపాయె. సరే, ఈ ఒక్కచోట రీఇన్‌స్టాల్ బ్యాచ్ గెలిచినట్లే, ఒప్పుకుంటా. అదీ మైనస్ క్యూతో చూసినాంక తెలిసింది గానీ గుడ్డిగా కాదు.

మధ్యాహ్నం ఆదోని నుంచి ఫోన్: "ఏమప్పా, స్టాక్ రిపోర్ట్ ఏమాయె?" పంపించి, పనిలో పనిగా అడిగినా, "అన్నా, ఆ సెంటోస్ 6కి సపోర్ట్ 2020 నవంబర్‌లోనే నిలిపేసినారు, ఎప్పుడు మారుస్తావ్?" అని.

"పత్తి సీజన్ పోనీప్పా," అన్యాడు. మూడేండ్ల నుంచి ఇదే మాట.