లైన్ గారికి, లైన్‌లోంచి

మహారాజశ్రీ లైన్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నా మోకాళ్ళు తప్ప. నిన్న అవి మూడు గంటల పాటు తమరి సేవలో ఉన్నాయి.

సంగతి తమరికి తెలియనిది కాదు. ఒక కాగితంలో మా నాన్న పేరు తప్పు పడింది. సుబ్బారావు కాస్తా సబ్బారావు అయి కూర్చున్నాడు. కొమ్ము ఒక్కటి పెట్టించాలి, అంతే. ఆఫీసు పేరు చెప్పను, ఎవరికి గుర్తొచ్చిన ఆఫీసు వాళ్ళు పెట్టుకోండి. పదిన్నరకి వెళ్తే గుమ్మం దగ్గర అటెండరు "లైన్లో రండి" అన్నాడు. వచ్చాను. పన్నెండుకి కిటికీ దగ్గరికి చేరితే, లోపలాయన తలెత్తకుండానే "ఇది ఆన్‌లైన్లో పెట్టాలండీ" అన్నాడు. ఎదురుగా నెట్ సెంటర్‌కి పోయాను. "పొద్దుట్నుంచీ లైన్ లేదు సార్" అన్నాడు కుర్రాడు. గోడ మీద హెల్ప్‌లైన్ నంబరు కనపడితే దానికి కొట్టాను. మీ కాల్ మాకెంతో విలువైనది, దయచేసి లైన్‌లో ఉండండి.

ఎందుకైనా మంచిదని ఫోను చెవికి ఆనించుకునే మళ్ళీ ఆఫీసు లైన్లో చేరాను. ఒకే మనిషిని ఒకే సమయంలో రెండు లైన్లలో నిలబెట్టిన ఘనత తమదే. చెవిలో వీణ. వాయించిన ముక్కే మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది. ముప్ఫై ఎనిమిది నిమిషాలయ్యాక, ముందు ఇద్దరే ఉన్నారనగా, ఒకమ్మాయి ఎత్తింది. కథంతా చెప్పాను.

"దీనికి మీరు ఆఫీసుకి వెళ్ళి లైన్లో ఉండాలి సార్."

"లైన్లోనే ఉన్నానమ్మా!"

"అవును సార్, లైన్లోనే ఉన్నారు. చెప్పండి."

"అది కాదమ్మా, ఆఫీసు లైన్లో..."

కట్ అయింది. తల ఎత్తి చూస్తే కిటికీకి 'భోజన విరామం' బోర్డు.

అయ్యా, తమరి పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలుసు. లాటిన్‌లో లీనియా అంటే అవిసె నారతో పేనిన దారం. నార పోగుగా బతుకు మొదలుపెట్టి ఎక్కడెక్కడ దూరారో చూడండి. మాకు గీత ఉండేది, తీగ ఉండేది, బారు ఉండేది, బాట ఉండేది. అన్నింటినీ మింగేశారు. సంబంధం చూడటానికొచ్చినవాళ్ళు "అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడు?" అంటారు. అదే అబ్బాయి నిన్నటిదాకా బస్టాపులో ఎవరికో లైనేశాడు. సినిమావాళ్ళు కథ లేకపోయినా "లైన్ బాగుంది" అంటారు. పార్టీలో ఎవడో లైన్ దాటుతాడు, నాలుగు రోజుల్లో లైన్లోకి వస్తాడు. గుంటూరులో ఉండే మా మేనత్తకైతే తమరే అడ్రసు. బ్రాడీపేట ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండంకెలు చెబితే చాలు, ఆటో ఇంటి ముందు ఆగుతుంది. అక్కడ మాత్రం తమరు బుద్ధిగానే ఉన్నారు, ఒప్పుకుంటాను.

డెడ్‌లైన్ సంగతి ఎత్తకూడదనుకున్నాను. 1864లో అమెరికాలో, ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల జైలులో ఆ పేరుతోనే కర్రల కంచె గీత ఒకటి ఉండేది. ఖైదీ దాన్ని దాటితే కాల్చేసేవాళ్ళు. ఘోరమే గానీ, గీత ఎక్కడుందో వాళ్ళకి కనపడేది. నా కాగితానికి గడువు ఈ నెలాఖరు అని ఒక కిటికీ, అయిపోయిందని ఇంకో కిటికీ.

అన్నింటికన్నా నాకు కడుపుమంట వరుస విషయంలో. నిన్న ఎవడో సంచీ ఊపుకుంటూ వచ్చి మా ముందు దూరాడు. "లైన్లో రావయ్యా" అని అందరం అరిచాం, దులిపేసుకున్నాడు. నా వెనకున్న పెద్దావిడ మెల్లగా అడిగింది, "ఏ వరుసయ్యా నువ్వు మాకు, మర్యాద చేసి ముందు నిలబెట్టడానికి?" చుట్టూ నవ్వులు. వాడు మారు మాట్లాడకుండా చివరికి పోయాడు. ఆ పని నీ వల్ల అవుతుందా? నువ్వెవరికైనా బావవా, మామవా? వరుస తీసేసి ఆ చోట్లో నిన్ను నిలబెట్టుకున్న మాకు బుద్ధుండాలి. నువ్వు చేసేదొక్కటే, మనిషిని నిలబెడతావు. కిటికీ ముందు నిలబెడతావు, ఫోన్లో నిలబెడతావు, తెర మీద గుండ్రంగా తిరిగే చక్రం ముందు నిలబెడతావు. మూడు చోట్లా నీ పేరే, ఒక్క చోటా పని కాదు!

క్షమించాలి, గొంతు లేచింది.

రైలువాళ్ళ దగ్గర తమరికున్న విలువ నాకు తెలియకపోలేదు. అవతలి స్టేషన్ లైన్ క్లియర్ ఇస్తేగానీ ఇవతల బండి కదలదు. కరెంటాయన కూడా తీగలో కరెంటు ఆపించి, లైన్ క్లియర్ తీసుకున్నాకే స్తంభం ఎక్కుతాడు. ఆ ఒక్క మాట తేడా వస్తే మనిషే ఉండడు. మాకేమో పేపరు తెరిస్తే బెయిలుకి లైన్ క్లియర్, టికెట్టుకి లైన్ క్లియర్, హీరో పెళ్ళికి లైన్ క్లియర్.

ఇంకో సంగతి కూడా ఉంది, దాస్తే పాపం. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో నాన్న పోస్టాఫీసుకి నడిచొచ్చి ట్రంకాల్ బుక్ చేసేవాడు. "లైన్ కలిసింది, మాట్లాడండి" అనేది ఆపరేటరమ్మ. డబ్బు కట్టింది మూడు నిమిషాలకి. అందులో రెండున్నర నిమిషాలు "వినపడుతోందా?" "ఆఁ, నీకు వినపడుతోందా?" అనుకోవడంతోనే సరి. మిగతా అర నిమిషంలో "అన్నం తింటున్నావా?" అని అడిగేవాడు. లైన్ పోయేది. తరవాతి నెల మళ్ళీ వచ్చి బుక్ చేసేవాడు.

ఆయన పేరులోనే ఇప్పుడు కొమ్ము లేదు.

రాత్రి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే మా అబ్బాయి అడిగాడు, "తాతయ్య పేరు పనైందా నాన్నా?"

"లైన్లో పడిందిరా" అన్నాను.

ఇట్లు,
సుబ్బారావు గారబ్బాయి