తీగ లాగినోడికి కాయితం ఏదీ?

అనంతపురం పక్కనే ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళు మొన్న ప్రకటన వేశారు. నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటరు కావాలట. సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లలో మొదటి మెట్టు సీసీఎన్ఏ తప్పనిసరి, దాని పై మెట్టు సీసీఎన్పీ ఉంటే ప్రాధాన్యం, జీతం 15 వేలు. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, "అనుభవం పరిశీలించబడును".

పరిశీలించబడును!

ఈ ప్రకటనని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అనుభవం చాలా ఇబ్బందికరమైన సరుకు. ల్యామినేషన్ చేయించలేం, బ్రోచర్‌లో అచ్చు వేయించలేం, తనిఖీకి వచ్చిన పెద్దమనుషుల ముందు ఫైల్లో పెట్టి జరపలేం. సర్టిఫికెట్ అట్లా కాదు. దానికి నంబరుంది, సంతకం ఉంది, పైగా మూడేళ్ళకి గడువు తీరిపోయే సౌకర్యం కూడా ఉంది. మూడేళ్ళు నిండిన మర్నాడు పొద్దున లేచేసరికి సబ్‌నెట్టింగ్, అంటే నెట్‌వర్కుని ముక్కలుగా పంచే లెక్క, మర్చిపోయి ఉంటాం. మళ్ళీ పరీక్ష ఫీజు కడితే మళ్ళీ గుర్తొస్తుంది. ఇంత క్రమశిక్షణ గల విద్య మన రుషుల దగ్గర కూడా లేదు.

ఆ కాలేజీలో ఒక అన్న ఉన్నాడు. క్యాంపస్‌లో మొదటి వైరు లాగింది అతనే, నిన్న తెగిన వైరు అతికించిందీ అతనే. రిజిస్టరులో మాత్రం "హెల్పర్, కాంట్రాక్టు". కేబుల్ లోపలి ఎనిమిది పోగుల రంగుల వరస అడిగితే తెలుపు-నారింజ దగ్గర మొదలుపెట్టి నీలం దగ్గరికొచ్చేసరికి తడబడతాడు. వైరు కొసకి ప్లగ్గు బిగించే క్రింపింగ్ టూలు చేతికిస్తే వేళ్ళు వాటంతటవే పేర్చుకుంటాయి. ఇలాంటి మనిషిని ఏ ఫైల్లో పెడతారు మీరే చెప్పండి.

రాగి వైరు మీద ఈథర్‌నెట్ సిగ్నల్‌కి ఒక్క లాగుడులో 100 మీటర్లు హద్దు. సర్వర్ రూము నుంచి ప్రిన్సిపాల్ ఆఫీసు అంతకంటే దూరం. ఫైబర్ వేద్దామంటే మేనేజ్‌మెంటు "దుడ్లు జాస్తి అవుతాయి" అనింది. అన్న దారి మధ్యలో ఉన్న వాచ్‌మన్ గది చూసుకుని, లోపల గోడకి ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ ఒకటి, అంటే నెట్‌వర్కు వైర్లని కలిపే పెట్టె, బిగించాడు. ఆ గదిలో ప్లగ్ పాయింటు ఒక్కటే. కాలేజీ పాలనా యంత్రాంగమంతా ఆ ఒక్క ప్లగ్గు మీద నడుస్తోందన్న సంగతి ఏ డ్రాయింగులోనూ లేదు, ఏ సిలబస్‌లోనూ రాదు.

ఇంటర్వ్యూ రోజు నేను వేరే పని మీద పోయి ఇంటర్వ్యూ జరిగే ప్రిన్సిపాల్ ఆఫీసులోనే ఒక మూల టీ తాగుతా కూచున్నా. బోర్డులో ప్రిన్సిపాల్ గారు, హెచ్ఓడీ గారు, హైదరాబాదు నుంచి స్క్రీన్ మీద ఒక నిపుణుడు. ముందు ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు. నెట్‌వర్కు పనిని అంతస్తులుగా విడగొట్టి చెప్పే ఓఎస్ఐ మోడల్లో ఏడు లేయర్లూ పైనుంచి కిందికి, కిందనుంచి పైకి గడగడా అప్పజెప్పి బయట కూచున్నారు. తర్వాత అన్న.

"మీ సర్టిఫికేషన్లు?"

"లేవు సార్."

"సరే. నాలుగో లేయర్ పని ఏంటో..." అంటూ నిపుణుడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. స్క్రీన్ మీద చక్రం తిరగడం మొదలైంది.

ప్రిన్సిపాల్ గారు రిమోట్ నొక్కారు. హెచ్ఓడీ గారు ల్యాప్‌టాప్ మూసి తెరిచారు. ఇంత అర్హత బయట బెంచీ మీద ఖాళీగా కూచోగా మనకెందుకు బెంగ అని ముగ్గురు కుర్రాళ్ళనీ లోపలికి పిలిచారు. ఒకడు పింగ్ కొట్టి, జవాబు రావట్లేదని ప్రకటించాడు. అది మాకూ తెలుసు. రెండోవాడు లేయర్ త్రీ సమస్య అన్నాడు, మూడోవాడు ముమ్మాటికీ లేయర్ టూ అన్నాడు. వాదన బాగా పాకాన పడింది. ఈ సందులో అన్న లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని ఎండలోకి నడిచాడు. నేనూ వెనకే పోయా.

వాచ్‌మన్ గదిలో స్విచ్ ప్లగ్గు నేల మీద పడుంది. దాని చోట్లో ఫోన్ చార్జరు.

"యో తాతా, మళ్ళా తీసినావా?"

"రొంతసేపే నాయనా. పాప ఫోన్ చేస్తానన్యాది."

అన్న కసురుకోలేదు. బ్యాగులోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి రెండూ దానికి తగిలించాడు. స్టోర్స్‌లో ఎన్నిసార్లు రాసిచ్చినా ఇయ్యకపోతే సొంత దుడ్లతో కొన్నాడట. పచ్చ లైట్లు టకటకా కొట్టుకోవడం మొదలెట్టాయి.

మేము తిరిగొచ్చేసరికి నిపుణుడికి ప్రాణం లేచొచ్చింది. "ఆ క్యాండిడేట్ ఏడీ? మధ్యలో లేచిపోయాడా?" అని అడుగుతున్నాడు. ప్రిన్సిపాల్ గారికి కళ్ళెదుటే జరిగింది. అయినా తలూపారు. కాయితం మీద పడింది: ఇంటర్వ్యూ మధ్యలో నిష్క్రమణ, ప్రవర్తన సంతృప్తికరంగా లేదు.

మా జిల్లా నెట్‌వర్కుల్ని నిజానికి ఏలుతున్నది జేసీబీ డ్రైవర్లు, ఎలుకలు. వాళ్ళెవరికీ సర్టిఫికెట్ లేదు కాబట్టి వాళ్ళు తెంపిన ఫైబర్‌ని తెగినట్టు లెక్కలోకి తీసుకోకూడదని బోర్డుకి నా మనవి. అంత పెద్ద ఫేస్‌బుక్కే 2021 అక్టోబరు 4న మెయింటెనెన్స్‌లో కొట్టిన ఒక కమాండుతో దాదాపు ఆరు గంటలు ప్రపంచం మొత్తానికి మాయమైపోయింది. సర్టిఫికెట్లకి అక్కడేం కరువు? చివరికి మనుషులు డేటాసెంటర్లకి పోయి, పరికరాలు పేర్చిన రాక్‌ల ముందు నిలబడి సరిచేయాల్సి వచ్చింది.

పరీక్షని తిడుతున్నాననుకోకండి. సీసీఎన్ఏ పాఠం శ్రద్ధగా చదివి, కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్కు కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్‌లో రాత్రులు కూచున్న పిల్లలకి బుర్ర తెరుచుకుంటుంది. సీసీఎన్పీకీ పై మెట్టైన సీసీఐఈ ల్యాబ్ పరీక్ష 1993 నుంచి ఉంది, ఎనిమిది గంటలు చేతులతో కట్టి, చెడినదాన్ని బాగుచేసి చూపించాలి. అది నెగ్గినవాడికి ఎదురైతే నేనే లేచి నిలబడతా.

నాకు ఒళ్ళు మండేది డంపుల దగ్గర. అసలు పరీక్షలోంచి దొంగిలించిన ప్రశ్నలు, జవాబులు పీడీఎఫ్ చేసి, నూటికి నూరు శాతం పాస్ గ్యారంటీ అని కోచింగు పేరుతో అమ్ముతున్నారు. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం, అంటే పాతిక వేల పైమాటే. కోచింగు ఫీజు వేరే. ఎవరి దుడ్లు అవి? వానలేక ఊడలు దిగని శనక్కాయ చేను చూసుకుంటా, భార్య కమ్మలు తాకట్టు పెట్టి పంపిన మనిషివి. వాడి కొడుకుతో రెండు నెలలు ఏ, బీ, సీ, డీలు బట్టీ కొట్టించి, నిజం స్విచ్ ఒక్కటంటే ఒక్కటి ముట్టనీకుండా, చేతిలో కాయితం పెట్టి తోలేస్తారా? సిగ్గుండాలి! ఆ పిల్లోడు రాక్ ముందు నిలబడి వణుకుతాంటే తప్పు వాడిదంటారా? వాడిని మోసం చేసినోళ్ళు ఊరూరా ఫ్లెక్సీలు కట్టుకుని, టాపర్ల ఫొటోలు వేసుకుని తిరుగుతున్నారు. కాయితం ఉన్నోడికి పని రానియ్యరు, పని వచ్చినోడికి కాయితం లేదని కూడు పెట్టరు. ఇద్దరి కడుపూ కొట్టి బాగుపడేది ఎవరో అందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తరు.

ఆ ముగ్గురిలో ఒకడికి ఉద్యోగం ఇచ్చారు. అన్నని తీసెయ్యలేదు, అంత తెలివితక్కువ వాళ్ళు కాదు. కొత్త అబ్బాయికి పని నేర్పమన్నారు. హెల్పర్ జీతం మీదే.

మొన్న సప్తగిరి సర్కిల్ దగ్గర కనిపిస్తే, ఆ పరీక్షేదో నువ్వూ రాసెయ్యి, పీడా పోతుంది అన్నా. అన్న కాసేపు టీ గ్లాసు చూసుకున్నాడు.

"రాస్తాలే సామీ. ముందు ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సు దుడ్లు ఇప్పిచ్చు. ఇంట్లో లెక్క అడుగుతాండారు."