ఆయన పేరిట వచ్చే కవరుకి, నా పేరిట ఒక ఉత్తరం

మహారాజశ్రీ కిటికీ కవరు గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే మీరూ, మీరు నాలుగేళ్లుగా వెతుక్కుంటూ వస్తున్న ఆ పెద్దమనిషీ. నా క్షేమంతో మీకు పనిలేదు. మీ లెక్కలో నేనసలు ఈ ఇంట్లో లేనే లేను కదా.

మేం ఈ ఇంట్లో దిగిన మూడో రోజునే మీరొచ్చారు. అట్టపెట్టెలు ఇంకా విప్పనే లేదు. పేరు ఆయనది, డోర్ నంబరు మాది. పోనీలే, ఇంతకుముందు ఉన్నవాళ్ల ఉత్తరం, ఒకటో రెండో వచ్చి ఆగిపోతాయి అనుకున్నాను. చుట్టపుచూపు అనుకున్నది కాపురమై కూర్చుంది.

ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. అయినా మీ పుణ్యమా అని మా మేనమామ సంగతుల కంటే ఆయన సంగతులే నాకు ఎక్కువ తెలుసు. కళ్లజోడు మార్చుకునే వేళ దాటిపోయింది. పుట్టినరోజు ఏ నెలలోనో కూడా తెలుసు, ఆ నెలలో మీ జాతివాళ్లు రంగు బట్టలేసుకుని వస్తారు. బీమా వాయిదా కట్టినన్నాళ్లూ మీరు నల్లక్షరాలతో వచ్చేవారు. ఈమధ్య ఎర్రక్షరాలు మొదలయ్యాయి. అవి చూసినప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. అప్పు ఆయనది, నిద్ర పోయింది నాది.

మీ పుట్టుక గురించి కూడా కాస్త చదివాను లెండి. 1902లో షికాగోకి చెందిన అమెరికస్ కాలహాన్ అనే ఆయన మీ మీద పేటెంటు తీసుకున్నాడు. లోపలి కాగితం మీది అడ్రసే కిటికీలోంచి కనబడితే, పైన మళ్లీ రాసే పని తప్పుతుంది. ఒకరి ఉత్తరం ఇంకొకరి కవర్లో పడే గొడవా ఉండదు. నిజమే, ఆ గొడవ లేదు. లోపలా బయటా ఒకటే తప్పు.

కిటికీ పెట్టినాయన తలుపు మాత్రం పెట్టలేదు. చించి చూద్దామా అంటే చట్టం గుడ్లురుముతుంది. ఇంకొకరి గుట్టు లాగుదామని వాళ్లకు చేరని ఉత్తరం విప్పితే అమెరికాలో ఐదేళ్ల దాకా జైలు. బ్రిటన్‌లో 2000 నాటి చట్టం కాస్త మెతక, అవతలివాళ్లకు చెరుపు చేసే ఉద్దేశంతో, సరైన కారణం లేకుండా విప్పితేనే నేరం. నాకు ఏ దురుద్దేశమూ లేదు. ఆ ఎర్రక్షరాల కింద అంకె ఎంతో తెలిస్తే చాలు.

విప్పలేదు. మర్యాదగా మీ వీపు మీద "ఈ పేరుగలవారు ఇక్కడ లేరు, పంపినవారికి తిప్పి పంపగలరు" అని రాసి పోస్టు డబ్బాలో వేశాను. నాలుగో రోజుకల్లా మా గుమ్మంలో ఉన్నారు, నా దస్తూరీతో సహా. పాపం పోస్ట్‌మాన్‌ని అనుమానించాను. అసలు సంగతి తర్వాత తెలిసింది. మీ మొహాన అడ్రసు దగ్గర సన్నగా అచ్చేసి ఉంటాయే, ఆ బార్‌కోడ్ గీతలు, సార్టింగ్ మెషిన్ చదివేది వాటినే. నా గోడు దానికి పట్టదు. గీతల్లో మా ఇల్లుంది కాబట్టి మా ఇంటికే తోలేస్తుంది. ముందు ఆ గీతల్ని, తర్వాత అడ్రసుని లావుపాటి మార్కర్‌తో కొట్టేసి, అప్పుడు రాయాలట ఏం రాసినా.

కొట్టేశాను. ఆ కవరు మళ్లీ రాలేదు. వచ్చే నెల దాని తమ్ముడొచ్చాడు.

చివరికి మిమ్మల్ని పంపేవాళ్లకే ఫోన్ చేశాను.

"మీరు ఆయనేనా అండీ?"

"కాదు. అదే చెబుతున్నా."

"ఆయనే ఫోన్ చేస్తే తప్ప అడ్రసు మార్చలేమండీ."

"పోనీ ఆయన ఫోన్ నంబరివ్వండి, నేనే చెప్పి చేయిస్తా."

"అది ప్రైవసీ అండీ."

ఆయన అప్పుల కాగితాలు నెలనెలా నాకు పంపడం మాత్రం ప్రైవసీలోకి రాదు కాబోలు. మీ దాయాదులు కొందరు నయం, "లేదా ప్రస్తుతం ఉంటున్నవారికి" అని కిందో ముక్క వేసుకొస్తారు. అమ్మేదేమైనా ఉంటే నేను కూడా మనిషినే.

ఎవరికీ చేరని ఉత్తరాల కోసం అమెరికాలో 1825లో డెడ్ లెటర్ ఆఫీసు పెట్టారు. గుమాస్తాలు వాటిని విప్పి, లోపల ఏదైనా ఆధారం దొరుకుతుందేమోనని వెతికేవారు. పేరు మెయిల్ రికవరీ సెంటర్‌గా మారింది, ఇప్పుడది అట్లాంటాలో ఉంది. చచ్చిన ఉత్తరాలకైనా ఆ దారి ఉంది. మీరు చావరు, మా చెప్పుల స్టాండు మీద బతుకుతుంటారు.

పోయిన నెల మీరంతా కలిసి ఐదుగురొచ్చారు. మార్కర్ మీద నాకప్పటికే చెయ్యి తిరిగింది. కళ్లజోడు లేకుండానే వరసగా ఐదింటి గీతలూ కొట్టేసి, ఐదింటి మీదా "ఇక్కడ లేరు" అని రాసి డబ్బాలో పడేశాను. ఐదో కవర్లో ఉన్నది నా బ్యాంకు కార్డు.

పది రోజులు చూసి బ్యాంకుకి ఫోన్ చేశాను. "మీరు ఆ ఇంట్లో లేరని ఎవరో రాసి తిప్పి పంపారండీ, అందుకే అడ్రసు ఆపేశాం" అంది ఆ అమ్మాయి. రాసిందెవరో నేను చెప్పలేదు. కొత్త కార్డు సరిగ్గా చేరాలంటే ఆ అడ్రసుకి ఉత్తరాలు మామూలుగా అందే వాళ్ల పేరేదైనా చెప్పమంది, కేరాఫ్ వేస్తుందట.

చెప్పాను. వారం తిరక్కుండా కార్డొచ్చేసింది.

ఇట్లు,
కేరాఫ్ ఆయన