సముద్రం పక్కన సెలవులట!

ఏడాదంతా ఎదురుచూసి సముద్రం ఒడ్డున కాటేజీ తీసుకుంటే, ఈ వాన మా మీదే పగబట్టిందా ఏంటి? పొద్దున్నే ఎండ చుర్రుమంటుంది, సరేనని పిల్లలకి క్రీము రాసి, తువ్వాళ్లూ బకెట్లూ మోసుకుని ఇసుకలో కాలు పెట్టామో లేదో చినుకులు. పరుగున లోపలికొస్తే మళ్లీ ఎండ! ఫోన్లో యాప్ మాత్రం పొద్దుట్నుంచీ సూర్యుణ్ణే చూపిస్తోంది, దానికేం. సముద్రం కన్నా నేల త్వరగా వేడెక్కుతుంది కాబట్టి తేమగాలి ఇటు మళ్లి మబ్బులు కడతాయట. ఆ సైన్సేదో తాడు మీది బట్టలకి చెప్పండి! ఉప్పుకి తేమ పీల్చే గుణం కదా, ఆ తువ్వాళ్లు ఎంతకీ ఆరి చావవు, ముట్టుకుంటే జిడ్డు. దుప్పట్లో ఇసుక. "బోర్ కొడుతోంది" అని పిల్లల గోల, "నేను ముందే చెప్పా" అని మా ఆయన. ఏం చెప్పారండీ? బుక్ చేసింది తమరే కదా!