పాత సిస్టమ్ ఏ డిస్కులో దొరికిందో ఇన్‌స్టాలర్ చెప్పాలి

అంబాజీపేటలో మా నాన్నగారి కొబ్బరి వ్యాపారపు లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్‌లోని విండోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చబోతే, సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను (కంప్యూటర్ మొదలవడానికి కావలసిన బూట్ ఫైళ్లుండే డిస్కు భాగాన్ని) అప్‌డేట్ చేయడం కుదరలేదంటూ పని మధ్యలో ఆగిపోయింది. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ డిస్కులో బోలెడంత ఖాళీ ఉండగా ఇదేమిటని ఒక పూటంతా తల పట్టుకున్నాను.

సిస్టమ్‌ను ఎక్కించే ప్రోగ్రాము, అంటే ఇన్‌స్టాలర్, డిస్కులన్నీ గాలించి పాత సిస్టమ్‌ను పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. విండోస్ విషయంలో అది నిజం కాదు. ఫైళ్లు, ప్రోగ్రాములు పోకుండా మారాలంటే, నడుస్తున్న విండోస్‌లోంచే దాని ఇన్‌స్టాలర్ అయిన సెటప్‌ను మొదలుపెట్టాలి. అప్పుడది ఎడిషన్, బిల్డ్ నంబరు, భాష వంటివి రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు రాసుకునే చోట) చదువుకుని, ఏ సిస్టమ్ నడుస్తోందో దాన్నే మారుస్తుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఆ సౌకర్యం ఉండదు. పైగా అక్కడ మన సి డ్రైవ్ డి అని కనిపించవచ్చు, ఎందుకంటే ఆ అక్షరం డిస్కు మీద రాసిపెట్టిన పేరు కాదు, ఒక్కో విండోస్ తన రిజిస్ట్రీలో తనకోసం రాసుకున్న గుర్తు మాత్రమే. మా లంకల్లో "ఏటిగట్టు పక్క తోట" అంటే ఊళ్లోవాళ్లకు తెలుస్తుంది గాని రిజిస్ట్రేషన్‌కు సర్వే నంబరే కావాలి. బూట్ వివరాల్లో ఉండే డిస్కు, పార్టిషన్ గుర్తింపు సంఖ్యలు ఆ సర్వే నంబరు లాంటివి.

లినక్స్‌లో మాత్రం ఓఎస్-ప్రోబర్ అనే సాధనం నిజంగానే పార్టిషన్లను ఒక్కొక్కటిగా తెరిచి చూస్తుంది. భద్రత దృష్ట్యా 2021లో వచ్చిన గ్రబ్ (కంప్యూటర్ మొదలవగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ ప్రోగ్రాము) 2.06 నుంచి దాన్ని ముందుగా ఆపి ఉంచుతున్నారు. (పక్కనున్న విండోస్ బూట్ మెనూలో మాయమైందని గాభరాపడేవారు ముందు ఇది చూసుకోవాలి.)

మా సంగతికొస్తే, ఎస్‌ఎస్‌డీ పెట్టిన మెకానిక్ పాత హార్డ్ డిస్కును ఊడదీయకుండానే విండోస్ ఎక్కించాడు. బూట్ ఫైళ్లు ఆ పాత డిస్కులోని 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకే వెళ్లాయి (ఇన్‌స్టాలర్ సిస్టమ్ రిజర్వ్‌డ్ అన్నది దీన్నే), అది నిండిపోయింది. సిస్టమ్ ఒక డిస్కులో, దాని గుమ్మం ఇంకో డిస్కులో! ఏ ఇన్‌స్టాలరైనా సరే, మొదలుపెట్టే ముందు "సిస్టమ్ ఈ డిస్కులో ఉంది, బూట్ ఫైళ్లు ఆ డిస్కులో ఉన్నాయి" అని ఒక్క వాక్యం చూపించడానికి ఏమంత కష్టం? ఆ వివరం దాని దగ్గర ఎలాగూ ఉంది.

చివరికి ఎస్‌ఎస్‌డీలోనే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, బీసీడీబూట్ ఆదేశంతో బూట్ ఫైళ్లను అందులోకి తెచ్చి, పాత డిస్కును ఊడదీశాక అప్‌గ్రేడ్ సాఫీగా సాగింది. ఆ డిస్కు ఇప్పుడు అటక మీద ఉంది. నాన్నగారు పారేయనివ్వడం లేదు.